పగిలిన గాజుపలక



మన పెద్దల యిండ్లలో గోడకు వ్రేలాడు పాత ఛాయాచిత్రములను మీరందఱు చూచియే యుందురు. తాతగారు కుర్చీలో బిగిసి కూర్చుండి యుందురు. ప్రక్కన బల్లమీద పూలకుండి యుండును. కదలవలదన్న యాజ్ఞకు లోబడిన భయము కన్నులలో కనబడుచుండును. తొలినాళ్లలో ఛాయాచిత్రమనగా నిదియే. నడచుచున్న లోకమును నడచుచున్నట్లే పట్టి చూపవచ్చునని నేర్పినవారిలో అగ్రగణ్యుడు హంగరీ దేశస్థుడగు ఆంద్రే కెర్టెస్. ఆయన కథను నేడు మీకు మనవి చేసెదను.

కెర్టెస్ 1894లో బుడాపెస్టు నగరమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతింపగా మేనమామ యాదరమున పెరిగి, వాటాల వ్యాపారశాలలో గుమాస్తాగా చేరెను. 1912లో మొదటి కెమేరా కొనెను. చేతులు లెక్కలు వ్రాయుచున్నను మనసు మాత్రము వీథులయందును పల్లెలయందును తిరుగుచుండెను. 1914లో యుద్ధము రాగా సైనికుడై, కెమేరాను వెంట గొనిపోయెను. ఆయన కన్ను ఫిరంగులమీద గాక, అలసి విశ్రమించు తోడివారిమీద నిలిచెను. 1915లో గాయపడెను. 1917లో ఎస్టెర్గోము పట్టణమున నీటిలో మునిగి యీదుచున్న మనుష్యుని చిత్రించెను. అలలలో చెదరిన యా దేహమును చూచి, ఇది యేమి చిత్రమని ఆనాటివారు వింతపడియుందురు.

1921లో అబొనీ అను నూర తీసిన చిత్రము వేఱొక తీరుది. మట్టిబాట నడుమ నొక గ్రుడ్డివాడు ఫిడేలు వాయించుచున్నాడు. ప్రక్కన పాదరక్షలు లేని బాలుడొకడు తోడు నిలిచియున్నాడు. ఆ బాట మన యూరి బాటవలెనే యుండును. పాట మనకు వినబడదు. అయినను ఆ మొగము చూచినవారికి వినబడినట్లే తోచును.

1925లో కెర్టెస్ పారిస్ నగరము చేరెను. అక్కడ ఆయన కీర్తి వెలిగెను. పళ్లెరపు టంచున ఆనించిన ముండ్లచెంచా, దాని నీడ: 1928 నాటి యా చిత్రమున అంతకంటె నేమియు లేదు. అయినను నేటికిని జనులు దాని యెదుట నిలిచి చూచుచున్నారు. బ్రసాయి, కార్టియే-బ్రెసన్ వంటి ప్రసిద్ధులు ఆయన చూపిన త్రోవకు తాము ఋణపడితిమని ఒప్పుకొనిరి.

1936లో ఒక సంస్థతో ఒడంబడిక చేసికొని భార్యతో న్యూయార్కు వెళ్లెను. కొలదికాలములో మరలి వత్తునని తలచి, గాజుపలకలను పెక్కింటిని ఫ్రాన్సుననే విడిచెను. కాని ఆ ఒడంబడిక నిలువలేదు. ఆ చిత్రములు మితిమీరి మాటలాడుచున్నవని ఒక పత్రికవారు త్రోసిపుచ్చిరని ఆయనయే చెప్పుకొనెను. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. హంగరీ శత్రుపక్షమున జేరుటచే ఆయన శత్రుదేశీయుడుగా లెక్కింపబడి, వీథిలో కెమేరా యెత్తుటకే వీలులేనివాడయ్యెను. 1944లో అమెరికా పౌరసత్వము లభించెను. తరువాత 1949 మొదలు 1962 వఱకు ఒక పత్రికకు ధనికుల గృహాలంకారములను చిత్రించి పొట్ట పోసికొనెను. 1955లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలవారు 68 దేశములనుండి 503 చిత్రములను కూర్చి 'మానవ కుటుంబము' అను ప్రదర్శనము చేసిరి. గ్రుడ్డి ఫిడేలువానిని చిత్రించినవానికి ఆ కుటుంబమున చోటు దొరకలేదు! ఆ గాయము ఆయనను చాలకాలము బాధించెను.

కాలము మాత్రము మఱచిపోలేదు. 1963లో పారిస్ నగరమున ఆయన చిత్రములు ప్రదర్శింపబడెను. యుద్ధకాలమున దాచబడిన గాజుపలకల పెట్టెయు ఆ యేడే తిరిగి చేతికందెను. తెఱచి చూడగా కొన్ని పగిలియుండెను. పారిస్ యిండ్లకప్పులను చూపు 1929 నాటి పలకకు నడుమ రంధ్రము పడి, చుట్టును చీలికలు పాఱియుండెను. కెర్టెస్ దానిని పాఱవేయలేదు. ఆ చీలికలతోనే అచ్చు తీసెను. నేడది ఆయన ప్రసిద్ధ చిత్రములలో నొకటి. 1964లో, ఆయనను మఱచిన ఆ న్యూయార్కు శాలయే ఆయన యొక్కని చిత్రములతో ప్రదర్శనము నడపెను. అప్పటికి ఆయనకు 70 సంవత్సరములు.

1984లో తన పలకలను ఫ్రెంచి ప్రభుత్వమునకు సమర్పించి, మఱుసటి యేడు కన్నుమూసెను. 2010లో పారిస్ నగరమున ఆయన జీవితకాలపు కృషినంతయు వరుసగా చూపు గొప్ప ప్రదర్శనము జరిగెను. అది స్విట్జర్లాండును, బెర్లినును దాటి 2011లో బుడాపెస్టు చేరెను. గుమాస్తాగా వెడలిన కుమారుడు ఆచార్యుడై జన్మభూమికి మరలి వచ్చినట్లయ్యెను.

ఆ పెట్టెను దాచినవారు దానిని భారమని తలచి పాఱవైచియున్నచో ఈ కథలో సగము మనకు దక్కెడిది కాదు. మన యిండ్ల అటకలమీదను అట్టి పెట్టెలు కలవు. పాత పటములు, ఉత్తరములు, దస్తావేజులు వానిలో నుండును. చిరిగినవని, పగిలినవని వానిని వీథిలో వేయకుడు. పగిలినదియు చరిత్రమే.