రైలుబాట, చదువుబాట

1874లో సికింద్రాబాదు–వాడి రైలుమార్గము తెరువబడుటతో వికారాబాదు, తాండూరులకు హైదరాబాదు చేరువయ్యెను. నాపరాయి బండి యెక్కినది. శాస్త్రములు చదువగోరిన పల్లెబిడ్డ మాత్రము చాలకాలము స్టేషనులోనే నిలిచిపోయెను.

1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము గణితమును, భౌతికశాస్త్రమును దేశభాషలో బోధించుట ఆనాడు సాహసమే. కాని ఆ భాష ఉర్దూ. ఇంట తెలుగు పలుకు బాలునికి లెక్కకంటె ముందు భాషయే అడ్డు నిలిచెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల శాస్త్రగ్రంథములను తెలుగులో తెచ్చి ఆ యడ్డు కొంత తొలగించినది.

భాష యొక్కటియే చాలదు. తిండి, వసతి, చదువుకొన దీపము వలయును. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో నెలకొన్న గురుకులము ఈ మూడింటిని ఒక్కచోట సమకూర్చి, తరువాతి గురుకులములకు దారిచూపెను. 2008లో గ్రామీణ విద్యార్థులకై బాసర మొదలగు మూడుచోట్ల ట్రిపుల్ ఐటీలు ఏర్పడెను. అచటి ప్రవేశములలో, వసతి లేని ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల 10వ తరగతి గ్రేడు సగటునకు 0.4 కలుపు పద్ధతి వచ్చెను.

దీనిని దయయని కొంద రందురు. మేమట్లు తలపము. ప్రయోగశాల లేని బడిలో తెచ్చుకొన్న మార్కును, అన్నియు నున్న బడి మార్కును ఒకే తీరున తూచుట న్యాయమా? ముల్లు ఒకవైపు మొగ్గిన తక్కెడలో కందులు తూచిన, తాండూరు రైతు ఒప్పుకొనునా?