పల్లాడియం పూత సిరామిక్ పొరల రీసైక్లింగ్

హైడ్రోజన్‌ను ఇతర వాయువుల నుంచి వడకట్టే పల్లాడియం పూత సిరామిక్ గొట్టాలు పాడైపోయాక, వాటి నుంచి లోహాన్నీ గొట్టాన్నీ విడదీసి, రెండింటినీ మళ్లీ వాడకంలోకి తెచ్చే ప్రక్రియను పల్లాడియం పొరల రీసైక్లింగ్ అంటారు. లోహాన్ని మాత్రమే రాబట్టి సిరామిక్‌ను పారవేసే పద్ధతులూ ఉన్నాయి. లోహంతోపాటు గొట్టాన్నీ కాపాడగలిగినప్పుడే ఈ పనికి పూర్తి ప్రయోజనం దక్కుతుంది.

నిర్మాణం, పనితీరు

సన్నని రంధ్రాలున్న అల్యూమినా గొట్టం ఈ పొరకు ఆధారం. దాని మీద పల్లాడియం పూత మందం సాధారణంగా కొద్ది మైక్రోమీటర్లే. పల్లాడియం హైడ్రోజన్‌ను తన ఘనపరిమాణానికి వందల రెట్లు పీల్చుకుంటుందని 1866లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం గుర్తించాడు. హైడ్రోజన్ అణువు లోహం ఉపరితలం మీద రెండు పరమాణువులుగా విడిపోతుంది. ఆ పరమాణువులు లోహ స్ఫటికంలో నుంచి సాగి, అవతలి వైపు తిరిగి కలుస్తాయి. మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, నత్రజని వంటి వాయువులకు ఆ దారి లేదు. అందుకే పూతలో లోపం లేకపోతే అవతలికి వచ్చేది దాదాపు శుద్ధమైన హైడ్రోజనే. సహజ వాయువును నీటి ఆవిరితో చర్య జరిపించే రియాక్టర్లలోనూ, అమ్మోనియాను విడగొట్టి హైడ్రోజన్ తీసే రియాక్టర్లలోనూ ఈ పొరలను పరిశోధించి, వాడుతున్నారు.

పాడవడానికి కారణాలు

దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ వేడిలో శుద్ధ పల్లాడియానికి హైడ్రోజన్ తగిలితే లోహ స్ఫటికం ఉబ్బుతుంది. ఘనపరిమాణం సుమారు 10 శాతం పెరగడంతో పూత పగులుతుంది. దీన్ని తగ్గించడానికి సుమారు 23 శాతం వెండి కలుపుతారు. గంధకం తట్టుకోవడానికి రాగి కలిపిన మిశ్రలోహాన్ని ఎంచుకుంటారు. అయినా హైడ్రోజన్ సల్ఫైడ్ సోకి ఉపరితలం చెడటం, బొగ్గు పేరుకోవడం, లోహమూ సిరామిక్కూ వేడికి వేర్వేరుగా వ్యాకోచించి పూత ఊడిరావడం, కొసల దగ్గర సీళ్లు కారడం జరుగుతూనే ఉంటాయి. సన్నని చిల్లు ఒక్కటి పడినా మలిన వాయువులు అవతలికి చేరతాయి. అప్పటికి పూతలోని లోహం దాదాపు పూర్తిగా అలాగే ఉంటుంది. పొర చెడినా పల్లాడియం ఖర్చు కాదు.

విలువ లెక్క

5 మైక్రోమీటర్ల పూతకు చదరపు మీటరుకు సుమారు 60 గ్రాముల పల్లాడియం పడుతుంది. 2 మిల్లీమీటర్ల గోడ మందమున్న గొట్టం అదే వైశాల్యానికి 5 కిలోల దాకా తూగుతుంది. అంటే పాడైన పొరల టన్నులో 10 కిలోలకు పైగా పల్లాడియం ఉన్నట్టు. దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ గనుల్లో టన్ను ఖనిజానికి ప్లాటినం వర్గపు లోహాలన్నీ కలిపి కొద్ది గ్రాములే దొరుకుతాయి. పైగా ప్రపంచ గనుల నుంచి వచ్చే పల్లాడియంలో అధిక భాగం రష్యా, దక్షిణాఫ్రికాలదే. 2022 మార్చిలో ఔన్సు ధర 3,000 డాలర్లు దాటింది. 2024లో చాలాకాలం 1,000 డాలర్ల చుట్టూ తిరిగింది. ఇంత ఊగిసలాడే ధర మీద హైడ్రోజన్ ప్లాంటు ఖర్చు ఆధారపడటం మంచిది కాదు.

పరీక్ష, మరమ్మతు

మొదట గొట్టం ఒక కొస మూసి, లోపలికి నత్రజని గానీ హీలియం గానీ ఒత్తిడితో పంపి, ద్రవంలో ముంచుతారు. బుడగలు పైకి లేచిన చోట చిల్లు ఉన్నట్టు. బుడగలు ఒకటి రెండు చోట్ల మాత్రమే వస్తే అక్కడ మళ్లీ పూత వేసి గొట్టాన్ని పనిలో పెట్టవచ్చు. కొసల దగ్గరే వస్తే సీలు మారిస్తే చాలు. పేరుకున్న బొగ్గును అదుపులో ఉంచిన గాలితో కాల్చి తొలగిస్తారు. పూత నిలువునా పగిలినా, పెచ్చులుగా లేచినా లోహాన్ని కరిగించి తీయాల్సిందే.

లోహాన్ని కరిగించడం

అధిక ఉష్ణోగ్రతలో కాల్చి తయారుచేసిన ఆల్ఫా అల్యూమినా ఆమ్లాల్లో దాదాపు కరగదు. ఈ పద్ధతికి ఆ గుణమే పునాది. పూత శుద్ధ పల్లాడియం అయితే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గానీ, ద్రవరాజంలో గానీ కరిగిస్తారు. వెండి కలిసిన పూతకు ఈ దారి పనికిరాదు. సిల్వర్ క్లోరైడ్ తెల్లటి పెచ్చులా లోహాన్ని కప్పేసి ఆమ్లాన్ని అడ్డుకుంటుంది. అలాంటి పూతను వేడి నత్రికామ్లంలో కరిగిస్తే రెండు లోహాలూ ద్రావణంలోకి వస్తాయి. ఆపైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే వెండి సిల్వర్ క్లోరైడ్‌గా అడుగుకు చేరుతుంది. దాన్ని వడకట్టాకే తర్వాతి దశకు వెళ్లాలి. ఆ దశలో కలిపే అమ్మోనియా ద్రావణంలో వెండి మిగిలి నిల్వ ఉంటే పేలుడు పదార్థాలు ఏర్పడే ప్రమాదం ఉంది.

శుద్ధి

వడకట్టిన ద్రావణానికి అమ్మోనియా కలిపితే పల్లాడియం అందులో కరిగే సంక్లిష్ట లవణంగా మారుతుంది. తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోస్తే పసుపుపచ్చని అవక్షేపం దిగుతుంది. రాగి ద్రావణంలోనే ఉండిపోతుంది. ఈ కరిగించడం, దింపడం ఒకటి రెండుసార్లు తిప్పితే శుద్ధత పెరుగుతుంది. ఆ పసుపు పొడిని వేడిచేసి హైడ్రోజన్‌తో క్షయకరణం చేస్తే బూడిద రంగు స్పాంజి లోహం వస్తుంది. చల్లార్చేముందు హైడ్రోజన్ ఆపి నత్రజని పంపాలి. లేకపోతే చల్లబడుతున్న లోహం హైడ్రోజన్‌ను పీల్చుకుని, గాలి తగలగానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

స్పాంజి దాకా వెళ్లనక్కరలేని దగ్గరి దారి కూడా ఉంది. విద్యుత్తు లేకుండా రసాయన చర్యతో పూత వేసే తొట్టిలో మొదట పోసేది పల్లాడియం అమ్మోనియా సంక్లిష్ట ద్రావణమే. కాబట్టి శుద్ధి చేసిన అవక్షేపాన్ని అమ్మోనియాలో కరిగించి నేరుగా కొత్త పూతకు వాడుకోవచ్చు.

గొట్టాన్ని కాపాడటం

ఆమ్లం అల్యూమినా సూక్ష్మ రంధ్రాల్లోకి దిగి దాక్కుంటుంది. క్లోరైడ్ ఉన్న ఆమ్లం వాడినప్పుడు, కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూస్తారు. నీరు తెల్లగా మబ్బుపట్టినంత కాలం కడుగుతూనే ఉండాలి. ఆరబెట్టి, కొలిమిలో కాల్చాక, గొట్టం గుండా నత్రజని ఎంత వేగంగా పోతుందో కొలిచి, కొత్త గొట్టంతో పోలుస్తారు. పూతకు అడుగున నునుపు కోసం గామా అల్యూమినా పొర వేసి ఉంటే దాన్ని ఆమ్లం కొంత తినేస్తుంది. దాన్ని మళ్లీ వేయాలి. జిర్కోనియా పొర ఎక్కువ తట్టుకుంటుంది.

కొలిమి పద్ధతి

ముక్కలైన గొట్టాలను పొడిచేసి, రాగి గానీ ఇనుము గానీ కలిపి కరిగిస్తే పల్లాడియం ఆ లోహంలోకి చేరుతుంది. కార్ల ఉత్ప్రేరక కన్వర్టర్ల నుంచి విలువైన లోహాలు తీసే కర్మాగారాలకు ఈ పని అలవాటే. అయితే అల్యూమినా కరిగే ఉష్ణోగ్రత 2,000 డిగ్రీలు దాటుతుంది కనుక సున్నం, ఇసుక వంటివి కలపాలి. ఇంధనం ఎక్కువ పడుతుంది, గొట్టం చిట్టెంగా మారిపోతుంది. పగిలిన వాటికే ఈ దారి తగినది.

భద్రత, భారతదేశం

ఆమ్లాలతో చేసే పనిలో నైట్రోజన్ ఆక్సైడ్లు, క్లోరిన్ వెలువడతాయి. వాటిని గాలిలోకి వదలకుండా క్షార ద్రావణంతో కడగాలి. వాడేసిన ఆమ్లాన్ని తటస్థపరచి, మిగిలిన లోహాలను దింపాకే బయటికి పంపాలి. పెరట్లో బకెట్లతో చేసే పని కాదిది.

భారత ప్రభుత్వం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో ప్లాటినం వర్గపు లోహాలు ఉన్నాయి. మన అవసరాలకు దిగుమతులే ఆధారం. కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 2025 సెప్టెంబరులో కేంద్రం 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. కొత్త హైడ్రోజన్ ప్లాంట్లు కట్టేవారు ప్రతి గొట్టం పూతలో ఏ లోహం ఎంత ఉందో, కింద ఏ పొర ఉందో రాసి ఉంచాలి. ఆమ్లం ఎంపిక ఆ వివరాల మీదే ఆధారపడుతుంది. సీళ్లను విప్పదీయగలిగేలా అమర్చాలి. పొర తయారయ్యే రోజునే దాని రీసైక్లింగ్‌కు ఏర్పాటు జరగాలి.