కరాచీ – ముంబయి విమాన మార్గం

కరాచీ, ముంబయి విమానాశ్రయాల మధ్య నేరు దూరం సుమారు 870 కిలోమీటర్లు. జెట్ విమానానికి గంటన్నర ప్రయాణం. కరాచీ గడియారం అరగంట వెనక నడుస్తుంది కనుక, ముంబయిలో పదింటికి ఎక్కినవారు అక్కడి సమయం ప్రకారం పదకొండింటికల్లా దిగిపోవచ్చు. కాగితం మీద లెక్క ఇది. ఇప్పుడు ఈ రెండు నగరాల మధ్య నేరుగా విమానాలు లేవు.

ఈ మార్గం మొదలైనప్పుడు దాని రెండు కొసలూ ఒకే రాష్ట్రంలో ఉండేవి. సింధు ప్రాంతం బొంబాయి ప్రెసిడెన్సీ నుంచి వేరుపడింది 1936లో. అంతకు ముందే, 1932 అక్టోబర్ 15న, జె.ఆర్.డి. టాటా పుస్ మాత్ అనే ఒంటి ఇంజను విమానంలో ఉత్తరాల సంచులతో కరాచీలోని డ్రిగ్ రోడ్ నుంచి బయలుదేరారు. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ తెచ్చిన టపాను దక్షిణాదికి చేర్చడం పని. ఆ చిన్న విమానం ఇంధనం కోసం అహ్మదాబాదులో దిగాల్సి వచ్చింది. దాంతో దారి వెయ్యి కిలోమీటర్లు దాటింది. అక్కడ పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయట! పొద్దున్నే బయలుదేరిన టాటా మధ్యాహ్నం రెండు కాకముందే బొంబాయిలోని జుహూలో దిగారు. అక్కడి నుంచి మరో పైలట్ నెవిల్ వింట్‌సెంట్ టపాను బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకెళ్లారు. జుహూలో ఉన్నది సముద్రపు ఒడ్డున బురద నేల. వానాకాలంలో అది పనికిరాక విమానాలను పుణెకు మార్చేవారు. ఎయిర్ ఇండియా తన పుట్టుకను ఈ సర్వీసు నుంచే లెక్కిస్తుంది.

యాభై ఏళ్లకు, 1982లో, 78 ఏళ్ల వయసున్న టాటా లెపర్డ్ మాత్ అనే పాతకాలపు విమానంలో మళ్లీ ఒంటరిగా కరాచీ నుంచి బొంబాయికి వచ్చారు. ఈసారి దారిలో అంతర్జాతీయ సరిహద్దు ఉంది.

దేశ విభజన తరువాత కూడా సర్వీసులు నడిచాయి. ఇంజన్లు మెరుగై ప్రయాణ సమయం తగ్గుతూ వచ్చింది. మార్గాన్ని తెంచినవి మాత్రం యుద్ధాలూ దౌత్య తగాదాలూ. 1965 యుద్ధం ఒక దెబ్బ. 1971 జనవరిలో గంగ అనే భారత విమానాన్ని లాహోరుకు హైజాక్ చేశాక, పాక్ విమానాలు భారత్ మీదుగా ఎగరకుండా నిషేధం పడింది. ఆ ఏడాది చివర్లో యుద్ధం. సంబంధాలు కుదుటపడి, 1976లో గానీ విమానాలు తిరిగి మొదలుకాలేదు. భారత పార్లమెంటుపై దాడి అనంతరం 2002 జనవరి 1 నుంచి రెండేళ్లపాటు మళ్లీ ఆగాయి. తరువాత పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ నడిపిన ముంబయి సర్వీసు 2019లో రెండు దేశాల మధ్య వచ్చిన ఘర్షణకు ముందే నిలిచిపోయింది. పహల్గాం దాడి తరువాత, 2025 ఏప్రిల్‌లో, రెండు దేశాలూ పరస్పరం విమానాలకు గగనతలం మూసేశాయి.

ఇప్పుడు వెళ్లాలంటే సాధారణంగా దుబాయి మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. ముంబయి నుంచి దుబాయికి సుమారు 1,930 కిలోమీటర్లు, అక్కడి నుంచి కరాచీకి మరో 1,190. గాలిలోనే ఐదు గంటలు పోతాయి. దుబాయిలో విమానం మారడానికి పట్టే సమయం అదనం.