పాత తుపాకులు, క్రొత్త పనివాండ్రు

అమెరికాలో కాపురమున్న మా మేనల్లుడు కొంతకాలము క్రిందట నాకొక జాబు వ్రాసెను. “మామయ్యా, పూర్వకాలపు మీటతుపాకి మాదిరి నొకదానిని కొని గోడకు తగిలించుకొనవలెనని నా కోరిక. ఇటలీవారు చేసినది కొనవలెనా, జపానువారు చేసినదా, అమెరికావారు చేసినదా? మీరు చరిత్ర చెప్పినవారు గదా, ఏది మేలో వ్రాయుడు” అని యడిగెను. భోగాపురములో కూర్చుండి పలకబలపములతో చరిత్ర చెప్పుకొన్న నాకు తుపాకుల బేరముతో పనియేమి అని మొదట నవ్వుకొంటిని. కాని యోచించిన కొలదియు ఆ ప్రశ్నలో మనకును కొంత పాఠమున్నట్లు తోచినది. దానినే నేడు మీకు విన్నవించెదను.

మన సీమకు తుపాకి క్రొత్తది కాదు. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ దొర ఫిరంగులు బొబ్బిలికోట మట్టిగోడలపై నిప్పులు కురిసినవి. 1794 జూలై 10వ తేదీన, మా యూరికి కొలది క్రోసుల దూరముననున్న పద్మనాభమువద్ద, చినవిజయరామరాజు కంపెనీ పటాలముల నెదిరించి నేలకొరిగెను. కంపెనీ సిపాయిల చేతులలో ఒకే కొలతకు చేసిన చెకుముకి తుపాకులుండెడివి. ఒకని గుండు మఱియొకని గొట్టములో పట్టెడిది. జమీందారుల బంట్లలో పలువురికి ఊరి కమ్మరులు వేర్వేరు కొలతలకు చేసిన వత్తితుపాకులు, ఈటెలు, కత్తులే దిక్కు. వాన పడి వత్తి తడిసినచో తుపాకి దుడ్డుకఱ్ఱతో సమానము. ఓటమికి కారణములు పెక్కులు గలవు గాని, ఆయుధమును చేసినవాడెవ్వడు, ఎట్లు చేసెను అన్నది వానిలో నొకటి యనుట నిస్సందేహము.

తరువాత 1878లో ఆయుధముల చట్టము వచ్చినది. లైసెన్సు లేనిదే తుపాకి యుంచుకొనుట నేరమయ్యెను. కనుకనే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడిన అల్లూరి సీతారామరాజు మొదట కోరినది అచ్చటి తుపాకులను, తూటాలను. నేడు మా భోగాపురపు విమానాశ్రయమునకు ఆయన పేరే పెట్టినారు. తుపాకిని ఎవరు చేసిరి, అది ఎవరి చేతికి వచ్చినది అను రెండు ప్రశ్నలలో చరిత్ర చాలవఱకు ఇమిడియున్నది.

ఇక మీటతుపాకి యన నేమి? గుండుదెబ్బ తగిలిన పిమ్మట మరల మందుపోసి, గుండు వేసి, కడ్డీతో కూరుకొనుట పాతపద్ధతి. మీటతుపాకిలో గొట్టము క్రింద నింకొక గొట్టముండును. దానిలో తూటాలు వరుసగా పడుకొనియుండును. వ్రేళ్లు దూర్చుటకు వీలుగా నున్న మీటను క్రిందికి త్రోసినచో వెనుకతలుపు తెఱచుకొని, కాలిన తూటా ఎగిరిపోవును, కొట్టెడి గుఱ్ఱము వెనుకకు వంగును, క్రొత్త తూటా పైకి లేచును. మీటను మరల పైకి లాగినచో మడచిన మోకాలు చాచినట్లు లోపలి కీళ్లు నిక్కి తలుపును బిగించును. ఇంతే దాని మర్మము.

ఈ పద్ధతికి 1860లో అమెరికాలో బెంజమిన్ టైలర్ హెన్రీ పేటెంటు పొందెను. అతనిని పనిలో పెట్టుకొన్న ఆలివర్ వించెస్టర్ మొదట చొక్కాలు కుట్టించి యమ్మిన వర్తకుడు. 1866లో వించెస్టర్ పేరిట వెలసిన కర్మాగారము, ప్రక్కనుండి తూటాలు దూర్చుటకు చిన్న తలుపు గలిగిన మాదిరిని చేసినది. దాని నడిమిభాగము ఇత్తడివలె పసుపుపచ్చగా మెఱయును. 1873లో ఇనుముతో మఱియొకటి వచ్చెను. 1877లో ప్లెవ్నా యొద్ద రష్యావారు పైబడినప్పుడు, తురుష్కులు దూరమునకు మార్టినీ జాతి తుపాకులను, దగ్గఱకు ఈ వించెస్టర్లను వాడి శత్రువును చాల నష్టపఱచిరి. ఆ వార్త యూరపు సేనాపతుల నిద్ర చెఱచినది.

ఇచ్చట పొరపాటు పడరాదు. మన దేశమున పేరుమోసిన మార్టినీ-హెన్రీకి కూడ క్రింద మీట యున్నది. కాని అది ఒక్క తూటా తుపాకి. దానిలోని హెన్రీ ఎడింబరోవాడైన అలెగ్జాండర్ హెన్రీ గాని, అమెరికా హెన్రీ కాడు. 1871లో ఇంగ్లీషు సేన దానిని స్వీకరించెను. 1857 నాటి భయము తీఱనందున దేశీయ పటాలములకు మాత్రము ఒక తరము పాతవైన స్నైడరు తుపాకులనే యిచ్చి యుంచిరి.

మా మేనల్లుని బాధ ఇచ్చటనే మొదలైనది. మా వంశమున పూర్వు లొకరు మద్రాసు పటాలములో సిపాయి. ఆయన జ్ఞాపకార్థమని ఇతడు లోగడ నొక అంగడిలో మంచి సొమ్ము పోసి మార్టినీ-హెన్రీ నొకదానిని కొనెను. ఇది సీమలో చేసిన అసలుదని అంగడివాడు నమ్మబలికెను. దాని ఛాయాపటమును చూచితిని. కిరీటము క్రింద విక్టోరియా రాణి గుర్తు, దాని క్రింద 1907 అను అంకె. రాణి మరణించినది 1901 జనవరిలో! చనిపోయి ఆరేండ్లైన రాణి తన ముద్ర నెట్లు వేయించెను? అది ఖైబరు కనుమ ప్రాంతమున, దఱ్ఱా వంటి యూళ్లలో, ఆకురాయితోను చిన్న కొలిమితోను చేసిన మాఱుప్రతి. ఆ పనివాండ్రు ఇంగ్లీషు అక్షరములు చదువలేక, చూచిన గుర్తులను చూచినట్లు చెక్కుదురు. ఒక్కొక్కప్పుడు అక్షరము తిరగబడును. వారి చేతినేర్పు అద్భుతమే. కాని ఉక్కు ఎట్టిదో, గొట్టము నిలుచునో పగులునో పరీక్షించిన వారు లేరు. అసలు దోషము పనిలో లేదు, పేరులో నున్నది. తన పేరు దాచి పరుల పేరు చెక్కుటయే మోసము.

కావున ప్రతిరూపము చేయుటయే తప్పా? కాదు. బొబ్బిలి వీణ నెఱుగుదురు గదా. ఒకే పనసమ్రానుతో తొలిచిన పెద్దవీణ వాయించుటకు. బహుమానముగా నిచ్చు చిన్న బొమ్మవీణ చూచుటకు. బొమ్మవీణను బొమ్మవీణ యనియే యమ్ముదురు గనుక దానిలో వంచన లేదు.

నేటి మంచి మాఱుప్రతులును అట్టివే. ఇటలీ దేశమున బ్రెషియాకు ఎగువను గార్డోనె అను లోయయూరు తరతరములుగా తుపాకుల కమ్మరుల స్థానము. ఆ బ్రెషియా ప్రాంతమున 1957లో పెదర్సోలీవారు, 1958లో కియాప్పావారు, 1959లో ఉబెర్తీవారు కర్మాగారములు పెట్టిరి. అమెరికా అంతర్యుద్ధమునకు నూఱేండ్లు నిండు సమయమున అచ్చటివారికి పాత ఆయుధములపై మోజు పుట్టగా, ఆ గిరాకిని ఇటలీవారు తీర్చిరి. జపానులో కోచి మండలమునందలి మిరోకువారు నేడు వించెస్టర్ పేరును అనుమతితోనే ధరించిన తుపాకులను చేయుచున్నారు. న్యూహేవెనులోని పాత కర్మాగారము 2006లో మూతపడినది. అమెరికాలో హెన్రీ పేరిట 1996లో వెలసిన కర్మాగారమునకు పాత హెన్రీతో పేరే గాని వారసత్వము లేదు.

నేను మేనల్లునికి మూడు ప్రశ్నలు వ్రాసి పంపితిని. మొదటిది, చేసినవాడు తన పేరు వేసికొనెనా? రెండవది, చేసినవాడు గాక వేఱొకడు పరీక్షించెనా? ఇటలీలో ప్రతి తుపాకిని గార్డోనెలోని పరీక్షాశాలలో అధికమైన మందుతో ప్రేల్చి చూచి, నిలిచినదానిపైననే ముద్రయు, సంవత్సరమును తెలుపు గుర్తును వేయుదురు. బంగారమునకు ఒరగల్లెట్టిదో గొట్టమునకు ఈ పరీక్ష యట్టిది. మూడవది, ఎచ్చట మార్చెనో దాచక చెప్పెనా? పాత హెన్రీకి సరిపడు తూటాలు నేడు దొరకవు. కావున ఇటలీవారు వేఱు తూటాకు తగినట్లు నడిమిభాగమును రవంత పొడిగించిరి. 1892 మాదిరిని చేయు జపానువారు ఆనాడు లేని భద్రపు మీటను వెనుక చేర్చిరి. వారి పని మిగుల నున్నన. కాని అచ్చముగా పాతరూపు కావలసినవానికి ఆ మీట కంటిలో నలుసువలె నుండును. కాల్చువానికో, అదియే రక్ష. కావున ముందు నీకేమి కావలయునో తేల్చుకొనుము, తరువాత పనివానిని ఎన్నుకొనుమని వ్రాసితిని.

మన దేశములో ఇట్టివాటిని కోరువారు 1959 నాటి ఆయుధముల చట్టము నెఱిగి, అధికారుల నడిగి మఱి ముందుకు సాగవలెను. గోడమీది ముచ్చటకై ఠాణామెట్లు ఎక్కరాదు.

మేనల్లుడు ఇటలీవారి 1866 మాదిరిని కొనెను. ఖైబరు ప్రతిని పారవేసెదనని వ్రాయగా నేను వలదంటిని. నేడు రెండును ఒకే గోడపై నున్నవి. ఒకదాని క్రింద చేసినవారి పేరు, పరీక్షించిన సంవత్సరము. రెండవదాని క్రింద “పేరు తెలియని ఖైబరు కమ్మరి చేతిపని, విక్టోరియా ముద్ర అబద్ధము” అని చీటీ. ఆ చీటీతో ఆ తుపాకియు సత్యమైనది.

పెద్దలారా, మన యిండ్లలో తాతలనాటివని చెప్పుకొను కత్తులు, రాగిరేకులు, పటములు ఎన్నియో కలవు. వానిని పిల్లల చేతికిచ్చునప్పుడు, తెలిసినంతవఱకు ఎవరు చేసిరో, ఎప్పుడు చేసిరో ఒక చీటీ వ్రాసి యుంచుడు. క్రొత్తదైనచో క్రొత్తదనియే వ్రాయుడు. అంతకంటె గొప్ప వారసత్వమును మనము వారికి ఇయ్యజాలము.