ఒక్క వాక్యానికి టీక

రాత్రంతా మేడ మీద కూర్చుని ఆకాశం మొత్తాన్ని ఒకే ఫొటోలో పట్టే ఆల్‌స్కై కెమెరాను సొంతంగా అమర్చుకునేవాళ్లకు మొదట దొరికే సలహా ఒక్క వాక్యమే: "లెన్సును అనంతానికి ఫోకస్ చేసి, నట్టు బిగించి, డోమ్ మూసేయండి." వినడానికి అయిదు నిమిషాల పని. నాకు మూడు రాత్రులు పట్టింది. అందుకే ఆ వాక్యాన్ని మాట మాటా విప్పుతున్నాను.

లెన్సును: బొటనవేలంత ఫిష్‌ఐ లెన్సు. నాభ్యంతరం 2 మిల్లీమీటర్లు, ఎఫ్ సంఖ్య 2. దాని ఒంటి చుట్టూ సన్నని మరలు. ఒక పూర్తి చుట్టు తిప్పితే లెన్సు అర మిల్లీమీటరు జరుగుతుంది. ఈ అర మిల్లీమీటరును గుర్తుపెట్టుకోండి.

అనంతానికి: మాట పెద్దది గాని, ఇంత పొట్టి లెన్సుకు అనంతం పక్కింటి మేడ మీదే మొదలవుతుంది. 1000 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న టెలిస్కోపులో కిలోమీటరు దూరపు గుట్ట ఫోకస్‌కూ నక్షత్రం ఫోకస్‌కూ మిల్లీమీటరు తేడా ఉంటుంది. మన లెన్సులోనైతే పదిహేను అడుగుల దూరంలోని వాటర్ ట్యాంకుకూ నక్షత్రానికీ తేడా ఒక్క మైక్రాను కూడా రాదు. అలాగని పగలు ట్యాంకు మీది అక్షరాలు చూసి సరిపెట్టుకున్నానా, రాత్రి చుక్కలన్నీ బఠానీ గింజలయ్యాయి. తప్పు దూరానిది కాదు. అక్షరం అంచు కాస్త అలుక్కుపోయినా కన్ను సర్దుకుంటుంది, చుక్క దగ్గర ఆ సర్దుబాటు కుదరదు. పైగా ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టరు లేకపోతే, పగటి ఎండలో చెట్ల ఆకులు వెదజల్లే ఆ కంటికి కనపడని వెలుగు చాలా లెన్సుల్లో వేరేచోట ఫోకస్ అవుతుంది.

ఫోకస్ చేసి: అసలు కష్టం ఈ రెండు మాటల్లోనే ఉంది. గడియారంలో నిమిషాల ముల్లు ఒక నిమిషంలో తిరిగేది 6 డిగ్రీలు. లెన్సును అంతే తిప్పితే అది 8 మైక్రాన్లు జరుగుతుంది. ఎఫ్ సంఖ్య 2 కాబట్టి చుక్క 4 మైక్రాన్ల మరకవుతుంది. సెన్సరు మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు 2.9 మైక్రాన్లు. అంటే చెయ్యి ఒక్క నిమిషం గీత మేర తడబడితే చాలు, పదును పోయినట్టే.

ఎక్స్‌పోజర్ 5 సెకన్లు పెట్టండి. ఆలోపు నక్షత్రం పావు పిక్సెల్ జరుగుతుంది. 30 సెకన్లు పెడితే పిక్సెల్‌న్నర జరిగి గీతవుతుంది, అది ఫోకస్ లోపమనుకుని మళ్లీ తిప్పుతారు. నేను తిప్పాను.

ఏ చుక్కను చూడాలి? హైదరాబాదులో సంక్రాంతి రోజుల్లో, పతంగులు దించేశాక, రాత్రి తొమ్మిది దాటేసరికి రోహిణి దాదాపు నడినెత్తికి వస్తుంది. ఫొటోకు అది నట్టనడుమ. ధ్రువుడు ఉత్తరాన 17 డిగ్రీల ఎత్తులో, ఫొటో అంచుకు దగ్గరగా ఉంటాడు, కదలడు కూడా. రోహిణిని సూదిమొనలా చేస్తే నా లెన్సులో ధ్రువుడు చెదిరాడు. రోహిణిని రవ్వంత వదులుకుంటే ఇద్దరూ కుదిరారు. ఆల్‌స్కైకి ఈ రాజీయే మేలని నా లెక్క.

బిగించి: సలహా చెప్పేవాళ్లు దీన్ని ఎంత తేలిగ్గా అనేస్తారో! నట్టు చివరి పావు చుట్టులో లెన్సును తనతోపాటు లాక్కుపోతుంది. నిమిషం గీత లెక్క గుర్తుందిగా, రెండో రాత్రి దానికే పోయింది. ప్లంబర్లు కొళాయికి చుట్టే తెల్లని టెఫ్లాన్ టేపును ఒక చుట్టు మరలకు వేశాక లెన్సు వదులుగా ఊగడం మానింది. ఇప్పుడు నట్టును ముందే ఆనించి, ఫోకస్ చేసి, తెర మీద ధ్రువుణ్ణి చూస్తూనే బిగిస్తాను.

మూసేయండి: డోమ్‌ది తేమ గొడవ. తెరిపి రాత్రుల్లో అక్రిలిక్ డోమ్ చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడి మంచు పట్టేస్తుంది. మూడో రాత్రి రెండున్నరకు ఫొటోలు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. మళ్లీ ఫోకస్ పోయిందనుకుని స్పానరు పట్టుకుని మేడెక్కాను. తువ్వాలు కొసతో డోమ్ తుడిస్తే ధ్రువుడు ఉన్నవాడు ఉన్నట్టే ఉన్నాడు. స్పానరు జేబులో పెట్టుకుని దిగాను. పొద్దున ఎలక్ట్రానిక్స్ దుకాణంలో నాలుగు రెసిస్టర్లు కొనుక్కొచ్చి, డోమ్ లోపలి అంచుకు కాస్త వెచ్చదనం తగిలేలా అతికించాను.