ట్రామ్ కిటికీల వెనక చరిత్ర

ఛాయాచిత్రం గురించి మనలో రెండు అభిప్రాయాలు తరచు వినిపిస్తుంటాయి. ఉన్నదున్నట్టు చూపుతుంది గనక అది సాక్ష్యమేగాని కళ కాదని కొందరంటారు. జెండా, పిడికిలి, లాఠీ కనిపిస్తేనే దానిలో రాజకీయం ఉన్నట్టని మరికొందరంటారు. ఈ రెండూ సరికావని నా అభిప్రాయం. వీధిలో తీసిన ఒక్క నలుపు తెలుపు ఫోటోను తీసుకుని ఈ సంగతి పరిశీలిస్తాను.

రాబర్ట్ ఫ్రాంక్ 1924లో స్విట్జర్లాండులోని జూరిక్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. 1947లో అమెరికా చేరాడు. గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ డబ్బుతో 1955-56లో కారులో దేశమంతా తిరిగి, 767 రోళ్ళ మీద 27 వేలకు పైగా ఫోటోలు తీశాడు. వాటిలోంచి 83 మాత్రమే ఏరి ‘ది అమెరికన్స్’ పుస్తకం కూర్చాడు. 1955 నవంబరులో ఆర్కాన్సాలో పోలీసులు ఆయన్ని పట్టుకుని, గంటల తరబడి ప్రశ్నించి, వేలిముద్రలు తీసుకుని వదిలారు. విదేశీ యాస, కారులో కెమెరాలు – కమ్యూనిస్టని అనుమానించటానికి ఆ రోజుల్లో అంతకన్న పెద్ద ఆధారం అక్కర్లేదు. ఆ నెలలోనే న్యూ ఆర్లియన్స్‌లో ఆయన తీసిందే నేను చెప్పబోయే ఫోటో.

ట్రామ్ ఒకటి పక్కనుంచి కనిపిస్తుంది. వరసగా అయిదు కిటికీలు. మొదటి దానిలో తెల్లవాడు. అద్దం మీద పడ్డ వెలుగులో ముఖం సరిగా కనపడదు. రెండోదానిలో కెమెరా వైపు కటువుగా చూస్తున్న తెల్ల స్త్రీ. మూడోదానిలో ఇద్దరు తెల్ల పిల్లలు. నాలుగోదానిలో పనిబట్టల్లో ఉన్న నల్ల మనిషి, కిటికీ మీద చేతులాన్చి నేరుగా మనవైపే చూస్తున్నాడు. చివరిదానిలో నల్ల స్త్రీ. ఎవరూ ఎవర్నీ తిట్టటం లేదు, కొట్టటం లేదు. అందరిదీ ఒకే బండి, ఒకే దారి. కాని వరస చూడండి: కష్టపడి బతికే పెద్దమనిషి తెల్ల పసివాళ్ళకు వెనక కూర్చున్నాడు. నిలువు చట్రాలు ఎవర్ని వారి గడిలో బిగించాయి. ఈ చిత్రంలో శిల్పమూ సమాజ నిర్మాణమూ వేరువేరు కావు.

ఈ వరస అనాది ఆచారమేమీ కాదు. 1867 దాకా ఆ నగరంలో నల్లవారికి నక్షత్రం గుర్తు వేసిన వేరే ట్రామ్‌లుండేవి. వారు ఆందోళన చేసి ఆ ఏడాదే ఆ పద్ధతిని రద్దు చేయించారు. 1890లో లూసియానా రాష్ట్రం రైళ్ళలో వేరు పెట్టెల చట్టం తెచ్చింది. 1892లో హోమర్ ప్లెసీ అనే చెప్పుల పనివాడు న్యూ ఆర్లియన్స్‌లో తెల్లవారి పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. పౌరుల సంఘం ఒకటి ముందుగా ఆలోచించి చేయించిన చట్ట ధిక్కారమది. 1896లో సుప్రీంకోర్టు ‘వేరైనా సమానమే’ అని తీర్పు చెప్పింది. ఒక్క న్యాయమూర్తే విభేదించాడు. 1902లో ఈ వేర్పాటు ట్రామ్‌లకూ పాకింది. సీట్లకు తగిలించే బోర్డు నల్లవారి హద్దు చెప్పేది. అవసరాన్ని బట్టి దాన్ని ముందుకీ వెనక్కీ జరిపేవారు. బడుల్లో వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని 1954లో కోర్టు తేల్చినా ట్రామ్‌లో బోర్డు పోలేదు. ఫోటో తీసిన కొద్ది వారాలకే, 1955 డిసెంబరు 1న, మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ బస్సులో తన సీటు వదలనన్నది. తరవాత 381 రోజుల బహిష్కారం నడిచింది. న్యూ ఆర్లియన్స్ ట్రామ్‌లలో వేర్పాటు 1958లో పోయింది.

1867లో గెలుచుకుని, 1902లో పోగొట్టుకుని, 1958లో తిరిగి సాధించుకున్న సీటు అది. ఈ సంగతి ఫోటోలో కనపడదు. క్షణాన్ని పట్టే సాధనానికి ముందూ వెనకా తెలియవు. అంచేత నిశ్చల చిత్రంలో ఒక ప్రమాదముంది: మారేదాన్ని మారనిదిగా చూపిస్తుంది. ఆ నల్ల మనిషి చూపులో ‘మానవ విషాదం’ చూసి నిట్టూర్చే విమర్శకుడు ఆ ప్రమాదంలోనే పడతాడు. ఆ మనిషి ఏమనుకుంటున్నాడో ఊహించటం తేలిక. ఆయన్ని అక్కడ ఎవరు కూర్చోబెట్టారో చెప్పాలంటే చరిత్ర చదవాలి.

1958లో పారిస్‌లో రాబర్ట్ డెల్పీర్ ఈ పుస్తకం అచ్చువేసినప్పుడు ఫోటోలకు ఎదురుగా అనేకమంది రచయితల మాటలు చేర్చారు. 1959 నాటి అమెరికన్ ప్రచురణలో వాటిని తీసేశారు. జాక్ కెరవాక్ పీఠిక, చిన్న చిన్న శీర్షికలు మాత్రం ఉన్నాయి. అయినా అక్కడి ఫోటోగ్రఫీ విమర్శకులు కొందరు దానిమీద దుమ్మెత్తిపోశారు. నినాదం లేని పుస్తకం మీద అంత కోపమెందుకు? 27 వేలలోంచి ఆ 83 ఏరటమే ఒక వ్యాఖ్య గనక. వ్యాఖ్య రాయకపోతే తటస్థత అనుకునేవారు ఈ ఎంపికను గమనించాలి.

మన రచయితలకూ ఇందులో నేర్చుకోదగ్గదుంది. ఊరికి ఎడంగా ఉన్న వాడను కళ్ళకు కట్టేట్టు వర్ణించటం మనకు బాగా వచ్చు. ఆ ఎడాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ బలంతో నిలబెట్టారో, ఎవరెదిరించారో తెలియకుండా వర్ణించి ఊరుకుంటే ఆ రచన విధివాదానికే పనికొస్తుంది. ఫోటోగ్రాఫరుకు దొరికేది ఒక్క క్షణం. కథకుడి చేతిలో కాలమంతా ఉంది. దాన్ని వాడుకోకపోతే ఆ లోపం సాధనానిది అనటానికి వీల్లేదు.