పింగళుని ఉపాయము – ఘాతాంక న్యాయములు



నేను ఉపాధ్యాయుఁడనై యున్న దినములలో నొక బాలునికి బీజగణితమున నొక చిక్కు కలిగెను. రెంటి వర్గమును రెంటి ఘనముచే గుణింపు మంటిని. వర్గమునకు ఘాతాంకము 2, ఘనమునకు 3. అతఁ డా రెండంకెలను గుణించి, ఆఱవ ఘాతమని 64 వ్రాసెను. నాలుగును ఎనిమిదిచే గుణించిన 32 గదా! ఘాతాంకములను కూడవలయునను సూత్రమును పదిమారులు వల్లింపఁ జేసితిని. మఱునాఁడు సూత్రమును తప్పక చదివెను. లెక్కను మాత్రము మరలఁ దప్పెను. సూత్రము నోటికి వచ్చినది గాని హేతువు మనస్సున కెక్కలేదు. ఆ లోపము బాలునిది గాదు, నాది.

అప్పుడు నాకు ఛందశ్శాస్త్రము జ్ఞప్తికి వచ్చెను. అక్షరము గురువో లఘువో కావలెను. కావున రెండక్షరముల కూర్పులు నాలుగు. మూఁడక్షరముల కూర్పు లెనిమిది. మన య, మ, త, ర, జ, భ, న, స గణము లవియే. రెండక్షరముల ప్రక్కన నొక గణము నుంచిన నైదక్షరము లగును; కూర్పులు 32. అక్షరములు కూడుచున్నవి, కూర్పులు గుణింపఁబడుచున్నవి. మొదటి న్యాయమున కర్థ మింతియే.

దీనిని పూర్వులు బాగుగ నెఱుఁగుదురు. ఛందస్సూత్రములను రచించిన పింగళుఁడు క్రీస్తునకుఁ బూర్వుఁడని పలువురు పండితుల మతము. ఇన్ని యక్షరముల పాదమునకు వృత్తభేదము లెన్ని యని తెలియుట కాయన యొక యుపాయము చెప్పెను. పదవ శతాబ్దమున హలాయుధుఁడు దానిని వ్యాఖ్యానించెను. అక్షరసంఖ్య సరియైనచో సగము చేసి 2 అను గుర్తు నుంచవలెను. బేసియైనచో నొకటి తీసి సున్న నుంచవలెను. పిదపఁ దుదనుండి మరలివచ్చుచు, సున్న యున్నచోట రెట్టింపును, 2 ఉన్నచోట వర్గమును చేయవలెను.

ఉత్పలమాల పాదమున కిరువది యక్షరములు. 20, 10, 5, 4, 2, 1, 0 అని దిగుదుము. ఒకటితో మొదలిడి 2, 4, 16, 32, 1024, 10,48,576 అని యెక్కుదుము. ఇరువదిమారులు రెట్టింపు చేయవలసిన పని ఆఱు మెట్లలో ముగిసినది. వర్గము చేసినచో ఘాతాంకము రెట్టింపగు నను న్యాయమే దీనికిఁ బ్రాణము. ఆ పదిలక్షల పైచిలుకు భేదములలో మన యుత్పలమాల ప్రస్తారమున 3,55,799వది!

ఒకటితోనే యేల మొదలిడవలెను? ఒక్కొక్క యక్షరము తగ్గినకొలఁది కూర్పులు 8, 4, 2 అని సగమగుచు వచ్చును. అక్షరమే లేనప్పుడు 1 మిగులును. రెంటి సున్న ఘాతము ఒకటి యగుట కిదియే హేతువు.

మన ప్రాచీన బీజగణిత పరిభాషయు నీ వివేకమును చూపును. వర్గఘనఘాత మనఁగా వర్గమును ఘనముచే గుణించినది, ఐదవ ఘాతము. ఘనవర్గ మనఁగా ఘనమునకు వర్గము, ఆఱవ ఘాతము. మా బాలుఁడు పొరపడిన దిచ్చటనే. పైన చిన్న యంకె నుంచి వ్రాయు నేఁటి పద్ధతిని 1637లో ఫ్రాన్సు దేశీయుఁడగు డెకార్టు తన గ్రంథమున వాడెను. వ్రాఁత సులభమైనది, కాని పేరు చెప్పుచుండిన భేదమును చిన్న యంకె చెప్పదు.

ఆ బాలుఁడు పలకపై గురులఘువులు వ్రాసి ముప్పదిరెండును తానే లెక్కించెను. ఆ పిమ్మట సూత్రమును నేను మరల నడుగవలసిన పని లేకపోయెను. పెద్దలారా, మీ మనుమలు ఘాతాంకములకు జడిసినప్పుడు వల్లింపు మనకుఁడు. మీకు వచ్చిన పద్యపాద మొకటి చెప్పి, అక్షరములను లెక్కింపఁ జేయుఁడు.